వరి వేళ్లలో కొక్కెం బుడిపెలు: మీ అనుభవాలు చెప్పండి

పచ్చపైరు:
నేరుగా వెదజల్లి ఆరుతడిగా పెంచుతున్న వరిలో మూడో వారం నుంచి అక్కడక్కడ గుండ్రని మచ్చలుగా పైరు పసుపుబారుతోంది. నత్రజని లోపమని యూరియా, ఆ తర్వాత జింకు సల్ఫేటు వేశాను గాని, ఆ మచ్చల్లోని మొక్కలు పిలకలు పెట్టలేదు. ఎవరికైనా ఇలా ఎదురైందా?

భూతద్దం:
మందు మాట తర్వాత, ముందు వేరు చూడండి. మొక్కను పట్టి లాగితే లేత వేళ్లు మట్టిలోనే తెగి ఉండిపోతాయి కనుక, మట్టిగడ్డతో సహా పారతో పెళ్లగించి, బకెట్టు నీళ్లలో నానబెట్టి, మెల్లగా ఆడిస్తూ కడగండి. వేరు కొసలు ఉబ్బి గాలపు ముల్లులా వంగి ఉంటే అది వేరుముడి నులిపురుగు, అంటే మెలాయిడోగైన్ గ్రామినికోలా. నేను ఒక బుడిపెను బ్లేడుతో చీల్చి చూసినప్పుడు లోపల ముత్యంలాంటి తెల్లని ఆడపురుగు, దాని పక్కనే జిగురులో గుడ్ల ముద్ద కనిపించాయి. గుడ్లు వేరు లోపలే ఉండడం వల్ల, పొలంలో నీరు నిలిచినా పిల్లపురుగులు ఆ వేరులోనే కొత్త చోటు వెతుక్కుంటాయి.

చెరువుగట్టు:
భూతద్దం గారి మాటకు ఒకటి చేరుస్తాను. నీరు నిలిచిన నేలలో ఉన్న పిల్లపురుగులు కొత్త వేళ్లలోకి చొరబడలేవు గాని చావవు, మడి ఆరగానే మళ్లీ పని మొదలుపెడతాయి. అందుకే నాటిన తొలి రోజుల నుంచి నీరు నిలిపిన మడిలో నాకు నష్టం తగ్గింది. అయితే నారుమడిలోనే సోకిన నారు తెచ్చి నాటితే ఆ లాభం దక్కదు. కలుపును కూడా తేలికగా తీసుకోకండి. 1965లో ఈ నులిపురుగు జాతిని తొలిసారి వర్ణించింది లూసియానాలో ఊద జాతి గడ్డి వేళ్ల నుంచే.

విత్తనబుట్ట:
బుడిపెలు లేవంటే నులిపురుగు లేదని కాదు. నీరు నిలిచే మాగాణిలో హిర్ష్‌మానియెల్లా అనే మరో నులిపురుగు వేళ్లను లోపల తొలుస్తుంది, ముడులు కట్టదు. ఆకు కొస తెల్లబడి మెలితిరిగితే అది విత్తనంతో వచ్చే వేరే రకం. దానికి వేడినీటి విత్తనశుద్ధి పనికొస్తుంది, మీ మడికి కాదు.

పచ్చపైరు:
ఈ ఉదయం మూడు మచ్చల్లో తవ్వాను, అన్నిచోట్లా కొక్కేలే. మచ్చకు జానెడు దూరంలో నిగనిగలాడుతున్న పచ్చని మొక్క వేరుకూ రెండు బుడిపెలు ఉన్నాయి. కోత తర్వాత ఇక్కడ వరి కాకుండా నువ్వుల పంట వేస్తాను. అప్పటిదాకా ఈ మడిలో దిగిన పార, ట్రాక్టరు చక్రాలు కడగకుండా పక్క మడిలోకి పోనివ్వను.