డాల్ఫిన్స్ నోస్ అసలు ఎత్తు ఎంత? 357 మీటర్లా, 174 మీటర్లా?

వైజాగ్ హార్బర్ ఎంట్రన్స్‌కి దక్షిణాన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ గురించి మా పాప స్కూల్ ప్రాజెక్ట్ కోసం రాస్తున్నామండి. అది ఖోండలైట్ రాయి అనీ, 1933లో ఓపెన్ అయిన పోర్టుకి ఈ కొండే తుఫాను గాలుల నుంచి పెద్ద అడ్డు అనీ, పైన లైట్‌హౌస్ 1957 నాటిదనీ తెలిసింది, ఇంతవరకూ బానే ఉంది. ఎత్తు దగ్గరే ఆగిపోయాం. టూరిజం పేజీల్లో ఒకచోట 357 మీటర్లు, ఇంకోచోట 174, కొన్నిచోట్ల రెండూ ఒకే వాక్యంలో! అడుగుల్ని మీటర్లు అని రాసేశారేమో అని లెక్క వేసి చూశా, 174 మీటర్లంటే దాదాపు 571 అడుగులు, అదీ కలవట్లేదు. గూగుల్ ఎర్త్‌లో చూస్తే కర్సర్ కొంచెం కదిపినా ఎత్తు మారిపోతోంది, కొన అంచు ఎక్కడో, వెనక యారాడ ఊరి వైపు కొండ ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోలేకపోయా. 357 అనేది ఆ వెనక కొండ శిఖరానిదేమో అని నా అనుమానం, కానీ పిల్లల ప్రాజెక్ట్‌లో అనుమానం రాయలేం కదా. సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ (నేల ఎత్తులు చూపించే మ్యాప్) గానీ నేవిగేషన్ చార్ట్ (ఓడలవాళ్లు వాడే సముద్ర మ్యాప్) గానీ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, లైట్‌హౌస్ ఉన్న ముక్కు భాగం సముద్రమట్టం నుంచి ఎన్ని మీటర్లని అందులో ఉందో చెప్తారా?