క్లోజ్ టెస్ట్: ముందు పాసేజ్ మొత్తం చదవాలా, ఖాళీలు నింపుకుంటూ పోవాలా?

కొత్త_అభ్యర్థి:
ఎస్ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీ చదివినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) టైర్-1కి, అంటే మొదటి దశకి చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో క్లోజ్ టెస్ట్ (cloze) ఉంటుంది కదా, పాసేజ్‌లో కొన్ని మాటలు ఖాళీగా వదిలి ఆప్షన్లతో నింపమంటారు, దాని గురించే నా సందేహం. 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 36 సెకన్లే. కోచింగ్‌లో సార్ పాసేజ్ అంతా చదివాకే ఆప్షన్లు చూడమంటారు. రూమ్మేట్ మాత్రం ఖాళీ రాగానే నింపేసి ముందుకు పొమ్మంటున్నాడు. మీరేమంటారు?

వేగమే_ముఖ్యం:
మీ రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్. 'ఇన్‌సిస్టెడ్' తర్వాత ఖాళీ ఉంటే 'ఆన్' పెట్టడానికి కథంతా తెలియాలా? ఖాళీ పక్కనే 'ఆఫ్' కనిపిస్తే 'డిస్పైట్' ఎగిరిపోయి 'ఇన్ స్పైట్' మిగులుతుంది. దీనికి రెండుసార్లు చదవడం దండగ.

పాఠకురాలు:
గ్రామర్ ఖాళీల వరకు ఒప్పుకుంటాను. కానీ మార్కులు పోయేది అక్కడ కాదండీ. 'ది ప్లాన్ వాజ్ ___ బై ది విలేజర్స్' అని ఉందనుకోండి. ఆప్షన్లలో 'వెల్‌కమ్డ్', 'రిజెక్టెడ్' రెండూ ఉన్నాయి. గ్రామర్ ప్రకారం రెండూ సరిపోతాయి. భూములు పోతాయని ఊరివాళ్లు భయపడ్డారన్న సంగతి తర్వాతి వాక్యంలో ఉంటుంది. అక్కడిదాకా వెళ్లకుండా 'వెల్‌కమ్డ్' పెట్టేస్తే ఆ ఒక్కటే కాదు, అదే ఊపులో తర్వాతి రెండు ఖాళీలూ తప్పుతాయి.

టైం లెక్క కూడా చూడండి. ఐదు ఖాళీలంటే ఒక్కోదానికి 36 సెకన్ల లెక్కన 180 సెకన్లు. చిన్న పాసేజ్‌ని ఒకసారి చదవడానికి అందులో మూడో వంతు పోయినా, మిగతాది ఆప్షన్లకు చాలు.

తెలుగు_మీడియం:
అక్కా, మాలాంటి వాళ్లకు చదివే వేగమే తక్కువ. ఒక్కసారికే టెన్షన్. అందుకే వర్డ్ లిస్టులు బట్టీ పడుతున్నాం.

పాఠకురాలు:
తమ్ముడూ, నా గొడవంతా ఆ లిస్టుల మీదే. 'మిటిగేట్' అంటే తగ్గించడం అని బట్టీ పడితే, ధర తగ్గించిన చోట కూడా అదే పెట్టాలనిపిస్తుంది. ఆ మాట నష్టం, రిస్క్, ప్రభావం లాంటి వాటి పక్కన వస్తుంది. అది లిస్టులో కనపడదు, వాక్యాల్లోనే కనపడుతుంది.

ఈ క్లోజ్ టెస్ట్ ఎలా పుట్టిందో తెలిస్తే ప్రాక్టీస్ దారి కూడా దొరుకుతుంది. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఒక రచన పాఠకుడికి ఎంత సులువుగా అర్థమవుతుందో కొలవడానికి దీన్ని ప్రతిపాదించాడు. లెక్క ప్రకారం కొన్ని మాటలకొక మాట తీసేసి నింపమనేవాడు. ఆప్షన్లే లేవు. నువ్వూ అదే చెయ్యి. ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్‌లో ఒక పేరా తీసుకుని, ప్రతి ఏడో మాట కొట్టేసి ఇమ్మని ఫ్రెండ్‌కి చెప్పు. నీకు తోచిన మాట రాసి, అసలుదానితో పోల్చుకో. తేడా వస్తే ఆ మాట ఒక్కటే కాదు, పక్క మాటతో కలిపి నోట్ చేసుకో. 'కమిట్ ఎ క్రైమ్', 'హెవీ రెయిన్' లాగా. వేగం చదవగా చదవగా వస్తుంది, లిస్టులతో రాదు.

వేగమే_ముఖ్యం:
ప్రాక్టీస్ వరకు ఓకే. పరీక్ష హాల్లో మాత్రం ప్రిపోజిషన్ ఖాళీలను మొదటి చదువులోనే నింపేస్తాను, ఆ విషయంలో మారను.

కొత్త_అభ్యర్థి:
రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోతే? నెగెటివ్ ఉంది కదా.

పాఠకురాలు:
టైర్-1లో రైట్‌కి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. నిజంగా రెండే మిగిలేలా మిగతా ఆప్షన్లు కొట్టేయగలిగితే సగటున 0.75 లాభమే. ధైర్యంగా పెట్టేయండి.