ఆటోమేటిక్ అప్‌డేట్స్‌ని పూర్తిగా ఆపేసే హక్కు మనకు ఉండాలా, వద్దా?

రాత్రిపని:
మొన్న రాత్రి 11కి 2,400 ఫ్రేముల యానిమేషన్ రెండర్‌కి, అంటే కంప్యూటర్ ఒక్కో ఫ్రేమ్ బొమ్మనీ తయారు చేసే పనికి, పెట్టి పడుకున్నాను. ఏడు గంటల పని. పొద్దున లేచి చూస్తే స్క్రీన్ మీద లాగిన్ పేజీ. రాత్రి 2:40కి అప్‌డేట్ వేసుకుని తనంతట తానే రీస్టార్ట్ అయిందట. ఫోల్డర్‌లో సగంలో తెగిపోయిన వీడియో ఫైలు ఒకటి ఉంది, ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు. ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అన్నది చెప్పను, చెబితే చర్చ ఫ్యాన్స్ గొడవలోకి పోతుంది. నేను డబ్బు పెట్టి కొన్న మెషిన్‌లో అప్‌డేట్స్‌ని శాశ్వతంగా ఆపేసే స్విచ్ ఒకటి ఉండాలంటాను. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

సర్వర్_గది:
నేను కాదంటాను. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై వైరస్ గుర్తుందా? అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. దాడి మే 12న మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలలు. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. దెబ్బతిన్న మెషిన్లలో ఎక్కువ విండోస్ 7వి. అంటే వాటికి మందు అందుబాటులోనే ఉంది, వేసుకోలేదంతే.

ఇంకో సంగతి. ప్యాచ్ బయటికి రాగానే దాడి చేసేవాళ్లు దాన్ని విప్పి, పాత ఫైలుతో పోల్చి, లోపం ఎక్కడుందో పట్టేస్తారు. కాబట్టి ప్యాచ్ వచ్చిన మర్నాటి నుంచి, వేసుకోనివాడికి మునుపటికన్నా ప్రమాదం ఎక్కువ. మీ మెషిన్‌కి సోకింది మీ దగ్గరే ఆగిపోదు కూడా. వాన్నాక్రై నెట్‌వర్క్‌లో పక్క మెషిన్లకి తనే పాకింది, ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు.

పాతమెషిన్:
వాన్నాక్రై కథ ప్రతి చర్చలోనూ వస్తుంది. 2018 అక్టోబర్ కథ మాత్రం ఎవరూ ఎత్తరు. విండోస్ 10 వెర్షన్ 1809ని 2వ తేదీన వదిలారు. కొందరికి డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలోని ఫైళ్లు ఎగిరిపోయాయి. 6న ఆపేశారు. సరిచేసి మళ్లీ వదిలేసరికి నవంబర్ 13. ప్యాచ్ వేసుకోకపోతే ఎవడో దొంగ వస్తాడేమో అన్నది అనుమానం. ఇక్కడ అప్‌డేటే వచ్చి ఫైళ్లు పట్టుకుపోయింది.

సర్వర్_గది:
పాతమెషిన్ గారూ, అది కొత్త సౌకర్యాలు తెచ్చే ఫీచర్ అప్‌డేట్, సెక్యూరిటీ ప్యాచ్ కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. పైగా అప్పటికి దాన్ని ఆటోమేటిక్‌గా పంపడం ఇంకా మొదలే కాలేదు. దెబ్బతిన్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ బటన్ తామే నొక్కినవాళ్లు. మీ ఉదాహరణ ఆటోమేటిక్ అప్‌డేట్స్ మీదికి రాదు.

పాతమెషిన్:
ఆ బటన్ నొక్కితే అందరికన్నా ముందు మన మీదే ప్రయోగం చేస్తారని దాని మీద రాసి ఉందా? సరే, ఫీచర్ వేరు, సెక్యూరిటీ వేరు అని ఒప్పుకుంటాను. అదే తేడా సెట్టింగ్స్‌లో ఎందుకు కనబడదు? విండోస్ ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ అనే లోతైన సెట్టింగ్స్ పేజీ ఉంది, డౌన్‌లోడ్ చేసే ముందే అడగమని చెప్పొచ్చు. ఫీచర్ అప్‌డేట్స్‌ని 365 రోజుల దాకా వాయిదా వేయొచ్చు. హోమ్ ఎడిషన్ వాళ్లకి ‘పాజ్’ బటన్ ఒక్కటే. అది 5 వారాలు. తర్వాత అన్నీ వేసుకుంటే గానీ మళ్లీ పాజ్ కాదు.

కొత్తచేయి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 2024 జులైలో విమానాశ్రయాల్లో అంతటా నీలి తెర వచ్చింది కదా, అది కూడా ఇలాంటి అప్‌డేటేనా?

సర్వర్_గది:
కాదండీ. అది క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పంపిన ఫైలు. దాదాపు 85 లక్షల మెషిన్లు పడ్డాయి. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో ఆ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఉండదు.

టెర్మినల్_పిల్లి:
అందరూ అప్‌డేట్ గురించి కొట్టుకుంటున్నారు గానీ, రాత్రిపని గారి రెండర్‌ని చంపింది అప్‌డేట్ కాదు, రీస్టార్ట్. నాకు ఇందులో అసలు విషయం అదే.

విండోస్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ పట్టుకుని ఉన్న ఫైలు మీద కొత్తది రాయడం కుదరదు. అందుకే మార్చాల్సినవి ఓ పక్కన పెట్టుకుని, మళ్లీ బూట్ అయ్యేటప్పుడు మారుస్తుంది. లినక్స్ అనే ఇంకో ఓఎస్‌లో ఫైలు వాడకంలో ఉండగానే దాని స్థానంలో కొత్తది పెట్టేయొచ్చు. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ మూసేదాకా పాత కాపీతోనే నడుస్తుంది. లినక్స్‌లో ఓ రకమైన ఉబుంటులో సెక్యూరిటీ ప్యాచ్‌లు వాటంతట అవే పడతాయి, కానీ మామూలు సెట్టింగ్‌లో రీస్టార్ట్ చేయదు. ‘రీబూట్ కావాలి’ అని ఓ చిన్న ఫైలు పెట్టి ఊరుకుంటుంది. ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్ మారితే మాత్రం ఎప్పుడో ఒకప్పుడు రీబూట్ తప్పదు.

మరీ గొప్పలు పోను లెండి. అదే ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలు (ఓ పద్ధతిలో కట్టి ఇచ్చే ప్రోగ్రామ్‌లు) రోజుకి 4 సార్లు తమంతట తామే అప్‌డేట్ కోసం చూసుకుంటాయి. దాని మీద మావాళ్ల గొడవ మాకుంది.

సర్వర్_గది:
ఈ మాట ఒప్పుకుంటాను. విండోస్ వాడేవాళ్లు చాలామంది గమనించనిది ఒకటి చెబుతా. ‘యాక్టివ్ అవర్స్’ (తనంతట తాను రీస్టార్ట్ చేయకూడని గంటలు) అంటే పగలే అనుకుంటారు. గరిష్ఠంగా 18 గంటలు ఇవ్వొచ్చు, అర్ధరాత్రి దాటించి కూడా. సాయంత్రం 6 నుంచి మర్నాడు మధ్యాహ్నం 12 దాకా పెట్టుకుంటే రాత్రి జోలికి రాదు. అప్‌డేట్ సర్వీస్‌నే డిసేబుల్ చేయడం వృథా ప్రయాస, దాన్ని మళ్లీ లేపడానికి మెడిక్ అని ఇంకో సర్వీస్ కాచుకుని ఉంటుంది.

అసలు రాత్రిపని గారూ, అంతసేపు నడిచే రెండర్‌ని ఒకే వీడియో ఫైలుగా ఎందుకు తీస్తున్నారు? ఒక్కో ఫ్రేమ్‌ని విడిగా బొమ్మగా రాయించండి. ఎక్కడ ఆగినా అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. చివర్లో వీడియోగా కలపడం కొద్ది నిమిషాల పని.

రాత్రిపని:
నిన్న రాత్రి ఫ్రేములుగానే తీశాను. 2,400 వచ్చేశాయి. థాంక్స్. ముందే తెలిస్తే 1,200 పైన ఫ్రేములు పోకుండా దక్కి ఉండేవి, ఈ పోస్టూ ఉండేది కాదు.

కానీ స్విచ్ మాట వెనక్కి తీసుకోను. ఇప్పుడు కూడా ఓ మూల సెక్యూరిటీ అప్‌డేట్ ఒకటి రెడీగా ఉందని చూపిస్తోంది. పని అవగానే నేనే వేసుకుంటా.

సర్వర్_గది:
ఎన్నాళ్ల నుంచి చూపిస్తోంది?

రాత్రిపని:
పన్నెండు రోజులు.