తొమ్మిదో తరగతి అమ్మాయి, ఒంటి రంగు మీద బెంగ

ప్రశ్న (ఒక తల్లి, ఖమ్మం)

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది, చామనఛాయగా ఉంటుంది. నిరుటి వరకు బడి కబడ్డీ జట్టులో ఆడిన పిల్ల, ఎండకు నల్లబడతానంటూ ఈ ఏడాది మైదానానికి వెళ్లడమే మానేసింది. ఫోన్‌లో ఫిల్టర్ లేకుండా ఒక్క ఫోటో కూడా దిగదు. మొన్న బంధువుల ఇంట్లో ఓణీల ఫంక్షన్ ఫోటోలు చూసి, తనవన్నీ తీసేయమని ఏడ్చింది. ఇప్పుడు స్నేహితురాలు వాడుతున్నదని మందుల షాపులో ఒక ట్యూబు కొని రాసుకుంటోంది. నువ్వు బాగున్నావని నేను ఎంత చెప్పినా, "అమ్మవి కాబట్టి అలాగే అంటావు" అంటోంది. ఫోన్ తీసేసుకుంటే సరిపోతుందా, లేక మేము చేయవలసింది ఇంకేమైనా ఉందా?

సమాధానం (చర్మవైద్యురాలు, విజయవాడ)

అమ్మా, ఫోన్ సంగతి తరువాత చూద్దాం, ముందు ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలను చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్ కలిసిన మందు. రాసుకున్న మొదటి రోజుల్లో ముఖం తేటపడినట్లు కనిపిస్తుంది కాబట్టి పిల్లలు సంతోషపడతారు. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేసిన వెంటనే మంట, ఎరుపు ఎక్కువవుతాయి కనుక మళ్లీ అదే రాసుకుంటారు. అందుకే మానిపించే పద్ధతి కూడా వైద్యులు చెప్పినట్లే జరగాలి. ఇటువంటి క్రీములు వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చినా, అడిగితే ఇచ్చే దుకాణాలు ఇప్పటికీ ఉన్నాయి. ట్యూబును వెంట తీసుకుని, పాపతో సహా చర్మవైద్యుల వద్దకు వెళ్లండి.

సమాధానం (ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, కర్నూలు)

ఫోన్ లాక్కోవడం వల్ల బెంగ పోదని నా అభిప్రాయం, అయితే ఫోన్‌కు ఇందులో పాత్ర లేదనీ అనను. తమ శరీరం గురించి బాధపడుతున్న టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను మరింత పెంచుతోందని చెప్పినట్లు 2021లో బయటపడిన ఆ కంపెనీ అంతర్గత పత్రాల్లోనే ఉంది. మా తరం సినిమా తారలతో పోల్చుకునేది. ఈ పిల్లలు ఫిల్టర్ తెల్లబరచి, ముక్కు సన్నం చేసి చూపించే తమ ముఖంతోనే తమను పోల్చుకుంటున్నారు, అది మరీ కష్టం.

కానీ బీజం ఫోన్‌లో లేదు. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ప్రకటనల్లో, ఛాయ తక్కువైన అమ్మాయికి క్రీము రాశాకే ఉద్యోగమో సంబంధమో కుదిరేది. చామనఛాయ ఉన్నవారిని పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివారిగా చూపకూడదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టింది, 2020లో ఆ క్రీము పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. అయినా పసిబిడ్డను చూడడానికి వచ్చినవాళ్లు రంగు గురించి మాట్లాడడం మన ఇళ్లలో ఆగలేదు, ఆ ప్రకటనలు నడిచింది ఆ మాటల మీదే. మీ ఇంట్లో పాప వినేటట్లు రంగు గురించి ఎవరు ఏమంటున్నారో ఒక వారం గమనించండి.

సమాధానం (డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్)

ఆంటీ, మీ అమ్మాయి స్థితిలో నేనూ ఉన్నాను. "బాగున్నావు" అన్న మాట నాకు కూడా పని చేయలేదు, ఎందుకంటే అది కూడా ముఖం గురించిన మాటే. మా అత్తయ్య అందరి ముందు "పిల్ల మరీ నల్లబడిందే" అన్నప్పుడు, మా నాన్న "దాని రంగు గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడవద్దు" అని గట్టిగా అన్నారు. ఆ రోజు నాకు కొండంత అండ దొరికింది. సినిమాల్లో నల్లటి పల్లె పిల్ల పాత్రకు సైతం తెల్లటి నటికే రంగు పూస్తున్న కాలంలో, ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదన్నానని సాయి పల్లవి చెప్పడం కూడా నాకు ధైర్యమిచ్చింది. తనను మళ్లీ కబడ్డీకి పంపే ప్రయత్నం చేయండి. ఆటలో ఉన్నంతసేపు ఒళ్లు ఎలా కనిపిస్తుందో కాదు, ఏం చేయగలదో తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. ట్యూబు మీద మొమెటాసోన్ అని ఉంది, రేపే ఆసుపత్రికి వెళ్తున్నాం. మాస్టారూ, వారం గమనించనక్కరలేదు. పాప నాయనమ్మ రోజూ సున్నిపిండి ఇస్తూ అనే మాట నాకు తెలుసు. ఆవిడతో మా వారినే మాట్లాడమన్నాను.