వెనకబడిన ప్రాంతానికి హైవే వేస్తే నిజంగా బాగుపడుతుందా? (చర్చ)

గూడ్స్‌బండి:
రోడ్డు పడితే చాలు, అభివృద్ధి దానంతట అదే వస్తుందనే మాట వినీ వినీ విసుగొచ్చింది. రోడ్డుకి రెండు వైపులా దారి ఉంటుంది కదండీ, సరుకు ఇటు వచ్చినంత తేలిగ్గా డబ్బూ చదువుకున్న పిల్లలూ అటు పోతారు. చైనా ట్రంక్ హైవేల మీద బెంజమిన్ ఫేబర్ అనే ఎకనమిస్ట్ చేసిన స్టడీ 2014లో వచ్చింది. పెద్ద నగరాల్ని కలుపుతూ వేసిన హైవేలు దారిలో ఏ చిన్న కౌంటీలని (మన జిల్లా, తాలూకా లాంటివి) తగిలాయో అక్కడ పరిశ్రమల ఎదుగుదల, తగలని కౌంటీల కంటే తగ్గిందట. పెద్ద ఊరి ఫ్యాక్టరీ సరుకు చవగ్గా వచ్చి పడుతుంటే చిన్న ఊరి ఫ్యాక్టరీ ఎలా నిలబడుతుంది? మీరేమంటారు?

నాలుగులైన్లు:
అస్సలు ఒప్పుకోను. అమెరికాలో ఈరీ కాలువ చూడండి, 1825లో పూర్తయింది, హడ్సన్ నది నుంచి బఫెలో దాకా 584 కిలోమీటర్లు, అడుగుల్లో చెప్పాలంటే 40 వెడల్పు, 4 లోతు అంతే, గట్టు మీద కంచర గాడిదలు నడుస్తూ పడవల్ని లాగేవి. ఆ మాత్రం కాలువకే బఫెలో నుంచి న్యూయార్క్‌కి టన్నుకి 100 డాలర్ల దాకా ఉన్న రవాణా ఖర్చు 10 డాలర్ల దగ్గరికి దిగిపోయింది. కాలువ లేనప్పుడు లోపలి రైతు గోధుమ పండించినా రేవు చేరేసరికి కిరాయే మింగేసేది, కాలువ వచ్చాక దాని దారిలో ఉన్న రోచెస్టర్‌లో పిండి మిల్లులు వరసగా లేచాయి. ఇది అభివృద్ధి కాకపోతే ఇంకేంటి?

గూడ్స్‌బండి:
రెండో సగం కూడా చెప్పాలి కదండీ మరి. ఆ చవక గోధుమ వచ్చిపడ్డాక అమెరికా ఈశాన్య మూలనున్న న్యూ ఇంగ్లండ్ రైతు పోటీకి నిలవలేక కొందరు పాడికి మారారు, కొందరు పొలం వదిలేసి పడమటికి పోయారు. దేశం మొత్తానికి లాభమే, నేను కాదనట్లేదు. కానీ మనం మాట్లాడేది ప్రాంతం గురించి.

టారిఫ్:
మీరిద్దరూ సిమెంటు, తవ్వకాల దగ్గరే ఆగిపోయారు, కిరాయి ఎవరు ఎలా నిర్ణయిస్తారన్నది ఎవరూ ఎత్తట్లేదు. నా దృష్టిలో అసలు సంగతి అదే. మన దేశంలో 1950ల నుంచి 1990ల మొదటి దాకా ఫ్రైట్ ఈక్వలైజేషన్ అని నడిచింది, ఉక్కు లాంటి ముడిసరుకు దేశంలో ఎక్కడికి చేర్చినా ఒకటే ధర పడేలా రవాణా ఖర్చుని సర్దేసేవాళ్లు. ఉద్దేశం మంచిదే, దూరంగా ఉన్నవాళ్లకీ ఫ్యాక్టరీలు రావాలని. కానీ జరిగిందేంటంటే గనుల పక్కనే ఉండటం అన్న ఒక్క సౌకర్యం బిహార్‌కీ (జార్ఖండ్ అప్పుడు అందులోదే), ఒడిశాకీ, బెంగాల్‌కీ చేతిలోంచి జారిపోయింది, ఉక్కు అదే ధరకి దొరుకుతున్నప్పుడు ఫ్యాక్టరీ పెట్టేవాడు రేవు దగ్గరా మార్కెట్ దగ్గరా పెట్టుకుంటాడు గానీ గని దగ్గరికెందుకొస్తాడు? రైలు పట్టాలు అక్కడ దండిగానే ఉన్నాయి, ఒక్క పట్టా కూడా పీకకుండానే కాగితం మీద రూల్‌తో ప్రాంతాన్ని దెబ్బకొట్టొచ్చని దీంతో అర్థమవుతుంది. నాకు ఇప్పటికీ తల్చుకుంటే కడుపు మండుతుంది.

బస్‌స్టాప్:
టారిఫ్ గారి పాయింట్‌కి నాదొకటి కలుపుతా. స్పెయిన్‌లో సియుదాద్ రియల్ అని చిన్న నగరం ఉంది, 1992లో మాడ్రిడ్–సెవిల్లె హైస్పీడ్ రైలు అక్కడ ఆగడం మొదలైంది, గంటలోపే మాడ్రిడ్ చేరొచ్చు కాబట్టి ఊళ్లో ఉంటూనే అక్కడ ఉద్యోగం చేసేవాళ్లు తయారయ్యారు. అదే ఊరి దగ్గర తర్వాత వంద కోట్ల యూరోలకి పైగా పెట్టి ఎయిర్‌పోర్ట్ కట్టారు, పేరుకి ప్రైవేటే గానీ ప్రాంతీయ సేవింగ్స్ బ్యాంకు డబ్బు కూడా అందులో ఇరుక్కుంది, ప్రయాణికులు రాక 2012లో మూసేశారు. ఊరు అదే, జనం అదే. రైలు జనం రోజూ వెళ్లాల్సిన చోటికి తీసుకెళ్లింది, ఎయిర్‌పోర్ట్ ఎవరికోసమో ఎవరికీ తెలియదు.

నాలుగులైన్లు:
ఎయిర్‌పోర్ట్ తప్పు అయితే అయింది, దాన్ని చూపించి రోడ్లు వద్దంటే మాత్రం కుదరదు. దారి లేని ఊళ్లో గర్భిణిని ఆస్పత్రికి చేర్చలేరు, పంట కుళ్లిపోతుంది, టీచర్ రాడు. ముందు కలపండి, మిగతావి తర్వాత చూద్దాం.

గూడ్స్‌బండి:
వద్దని నేనెక్కడన్నాను? ఆస్పత్రికి, మార్కెట్ యార్డుకి వెళ్లే చిన్న రోడ్డూ, రోజుకి నాలుగు సార్లు టైముకి వచ్చే బస్సూ ముందు కావాలి అంటున్నా. ఆరు లైన్ల రోడ్డు ఊరి పక్కనుంచే పోతూ ఎక్కడానికీ దిగడానికీ దారి లేకపోతే ఊరికి మిగిలేది దుమ్మూ, హారన్ మోతా. "మిగతావి తర్వాత" అంటున్నారు కదా, ఆ తర్వాత ఎప్పుడొస్తుందో ఒక్క ఉదాహరణ చూపించండి నాలుగులైన్లు గారూ, చదువుతా.

టారిఫ్:
చూపించేటప్పుడు ఆ రోడ్డు మీద టోల్ ఎంతో, లారీ కిరాయి తగ్గిందో లేదో కూడా రాయండి. కిరాయి తగ్గకపోతే పొలంలో పండించేవాడి చేతికి కొత్తగా ఏమీ రానట్టే.