జబ్బు తర్వాత పైపు రుచి పోతే: ఆపేసి ఆగాలా, పొగాకు మార్చి సాగించాలా?

బ్రయర్‌కొమ్మ

కరోనా, గట్టి ఫ్లూ, సైనస్, ఏది వచ్చి తగ్గినా పైపు తాగేవాళ్లు చెప్పే బాధ ఒకటే. అన్నం సయిస్తోంది, ఒంట్లో సత్తువ వచ్చింది, పైపు మాత్రం ఉత్త వేడిగాలి. కొందరికైతే అదే డబ్బా, అదే పైపు, కాలిన రబ్బరు వాసన. దీనికి రెండు సలహాలు తిరుగుతున్నాయి. వాసన తిరిగొచ్చేదాకా పైపు ముట్టొద్దని ఒకటి. ఆపితే అలవాటు తప్పుతుంది, లటాకియా, పెరీక్ లాంటి ఘాటైన పొగాకుకు మారి రోజుకో గిన్నె (పైపులో పొగాకు కూరే గుంట) సాగిస్తే నోరు దారిలో పడుతుందని రెండోది.

ఆపాలనేదే నా పక్షం. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి, అంతే. వర్జీనియా పొగాకులో ఎండుగడ్డి వాసన, లటాకియాలో కట్టెపొగ వాసన, ఇవన్నీ గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే పొగతో తెలిసేవి. ముక్కు పనిచేయని మనిషికి పైపులో మిగిలేవి వేడి, చేదు, నికోటిన్ ఘాటు.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. రుచి అందకపోతే చెయ్యి తెలియకుండానే తొందరపడుతుంది. నిదానంగా లాగాల్సిన దమ్ములు వెంటవెంటనే పడతాయి. గిన్నె కాగుతుంది, పొగాకులోని తేమ ఆవిరై నాలుక కొన మీద పడుతుంది, నాలుక మండుతుంది. నికోటిన్ కూడా మామూలుకంటే ఎక్కువ ఎక్కుతుంది: ఎక్కిళ్లు, చల్లటి చెమట, కడుపులో తిప్పడం. ఘాటైన పొగాకుకు మారమనే సలహా ఈ మూడింటినీ పెంచుతుంది.

కాబ్‌పైపు

ముక్కు మీద నేరం మోపే ముందు పైపును చూడండి. మనిషి మంచాన పడితే పైపు కూడా సగం కాల్చిన పొగాకుతో, తడి మసితో అలాగే మూలన పడి ఉంటుంది. నెల తర్వాత అంటిస్తే పుల్లగా, మురుగు వాసనగా ఉండక ఇంకెలా ఉంటుంది?

మొదట మూతి చూడండి. నల్ల ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు) మూతి ఎండ తగిలి ఆకుపచ్చ, గోధుమ రంగుకు తిరిగిందంటే పైన గంధకం తేలింది. పెదవి ఆనించగానే చేదుగా, అగ్గిపుల్ల మందులా తగులుతుంది. 1000, ఆపైన 2000 నంబరు నీటి గరుకు కాగితంతో తడిపి రుద్ది, చివర మెరుగు పెట్టండి. కాడలోకి దూరే కొసను మాత్రం రుద్దకండి, బిగువు పోతుంది.

తర్వాత గిన్నె. లోపలి మసిపొర ఒక మిల్లీమీటరు మందం ఉంచి మిగతాది గీకేయండి. గిన్నెలో దూది వదులుగా కూరి, కాడలో పైపు బ్రష్షు పెట్టి, దూది తడిసేలా అంచుకు కాస్త కిందిదాకా తాగడానికి పనికొచ్చే ఆల్కహాలు చుక్కలుగా పోయండి. వోడ్కా, తెల్ల రమ్ము ఏదైనా సరే. సర్జికల్ స్పిరిట్ వద్దు, అందులో తాగకూడని విషాలు కలుపుతారు. రాత్రంతా ఉంచితే దూది గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లగా వచ్చేదాకా మార్చి, మూడు రోజులు నీడన ఆరబెట్టండి. దూది బదులు ఉప్పు వాడేవాళ్లున్నారు, కానీ ఉప్పు కాడలోకి దిగితే చెక్క పగిలిన సందర్భాలున్నాయి. ఈ పద్ధతి పైపులు ఎక్కువగా చేసే బ్రయర్ చెక్కకే. మీర్‌షామ్ అనే తెల్లటి మెత్తరాయి పైపుకు, మొక్కజొన్న కంకి పైపుకు పనికిరాదు.

9 మిల్లీమీటర్ల బొగ్గు ఫిల్టరు వాడేవాళ్లు అదీ గమనించాలి. అది వాసనలను కూడా పట్టేస్తుంది. సగం తగ్గిన ముక్కుకు ఆ సగం కూడా అందదు.

ఇవన్నీ చేశాక కూడా చప్పగా ఉంటే అప్పుడు ముక్కు సంగతి.

ఘ్రాణం

కాబ్‌పైపు గారి క్రమం బాగుంది, కానీ ముక్కును, నాలుకను తేల్చడానికి పైపు అంటించాల్సిన పని లేదు.

ముక్కు గట్టిగా మూసుకుని జీలకర్ర నమలండి. కాస్త చేదు తప్ప ఏమీ తెలియదు. అలా నములుతూనే ముక్కు వదలండి. జీలకర్ర వాసన ఒక్కసారిగా రావాలి. రాకపోతే లోపం ముక్కుది. పంచదార, ఉప్పు, నిమ్మరసం, కాకర రసం, ఇవి కూడా తేడా తెలియకపోతే లోపం నాలుకది. ఆ దారి వేరు, మందుల వైపు చూడాలి. మెట్రోనిడజోల్ నోటికి లోహపు రుచి తెస్తుంది, క్లారిత్రోమైసిన్ చేదు తెస్తుంది, బీపీకి వాడే క్యాప్టోప్రిల్ కూడా రుచి మారుస్తుంది. ఇవి మామూలుగా మందు ఆపాక సర్దుకుంటాయి, అయితే బీపీ మందు సొంతంగా ఆపకూడదు. యాంటీబయాటిక్స్ తర్వాతా, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించకపోయినా నాలుక మీద తెల్లటి పూత కడుతుంది. గీకితే ఊడి కింద ఎర్రగా కనిపిస్తే అది ఫంగస్, దానికి మందుంది.

కర్పూరం వాసన తెలుస్తోంది కాబట్టి ముక్కు బాగుందని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. కర్పూరం, మెంథాల్, అమ్మోనియా వాసన నాడి లేకపోయినా తెలుస్తాయి. చల్లదనాన్ని, మంటను మోసే ట్రైజెమినల్ అనే వేరే నాడి వాటిని పట్టుకుంటుంది. కాఫీపొడి, లవంగం, గులాబీతో చూడండి.

పైపు వాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. మూడు వంటింటి గిన్నెలు తీసుకుని, రెండింట్లో ఒక పొగాకు, మూడోదాంట్లో వేరే పొగాకు, అంటించకుండా పెట్టించండి. కళ్లు మూసుకుని వేరేది ఏదో చెప్పాలి. ప్రతిసారీ గిన్నెల చోటు మార్పిస్తూ 6 సార్లు చేయండి. గుడ్డిగా ఊహిస్తే 5 గానీ 6 గానీ సరిపోయే అవకాశం నూటికి రెండు కూడా ఉండదు. కాబట్టి 5 తగిలితే ముక్కు తేడా పడుతున్నట్టే.

ఒక్క హెచ్చరిక. ఉన్నట్టుండి పొగంటేనే ఏవగింపు పుట్టి, ఆకలి చచ్చి, వికారంగా ఉంటే ముక్కు గొడవ పక్కన పెట్టి కాలేయ పరీక్ష చేయించండి. పచ్చకామెర్లు కళ్లలో పడకముందే పొగతాగేవాళ్లకు పొగ మీద విరక్తి రావడం వైద్యులకు పాత గుర్తు.

లంకపొగాకు

బ్రయర్‌కొమ్మ గారూ, పొగాకు మార్చడమంటే ఘాటు పెంచడమేనా? ఈ చర్చల్లో ఎప్పుడూ ఇక్కడే పొరపాటు జరుగుతోంది.

వర్జీనియా ఆకును మన ప్రకాశం జిల్లాలో లాగా బ్యారన్ అనే మూసిన కొట్టంలో వేడితో ఆరబెడతారు. చక్కెర నిలుస్తుంది, పొగ ఆమ్లగుణంతో వస్తుంది, నోటి పొరల్లోంచి నికోటిన్ తక్కువే దిగుతుంది. గాలికి ఆరిన బర్లీ, చుట్టలకు వాడే మన గోదావరి లంక పొగాకు చక్కెర తక్కువ రకాలు. వాటి పొగ క్షారంవైపు ఉంటుంది, నికోటిన్ నోట్లోంచే గట్టిగా ఎక్కుతుంది. లటాకియా ఘాటుగా వాసన కొడుతుందే గానీ నికోటిన్‌లో అంత బలమైనది కాదు. సైప్రస్‌లో కట్టెల పొగ పట్టించి ఆరబెట్టడం వల్ల వచ్చిన వాసన అది. లూయిజియానాలో సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాల్లో నొక్కి పులియబెట్టే పెరీక్ మాత్రం మిరియంలా ముక్కుకు తగులుతుంది, నూటికి ఐదు పాళ్లు మించితే జబ్బు నుంచి లేచినవాళ్లు తట్టుకోలేరు.

కాబట్టి వాసన తగ్గిందే తప్ప వికటించనివాళ్లకు దారి ఉంది. చిన్న గిన్నె, అర గ్రాము పొగాకు, వర్జీనియాలో కొంచెం లటాకియా. వేళ్లతో నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకునేంత ఆరబెట్టాలి. ముద్దగా నిలిస్తే తడి, పెళపెళమంటే మరీ ఎండింది. వెనీలా, చెర్రీ పూసిన రకాలు మాత్రం అసలు వద్దు. వాటి గొప్పంతా వాసనలో ఉంది, వాసన పోయాక మిగిలేది తేమ నిలవడానికి కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ తడి, నాలుక మంట. వారానికి ఒక్కసారి చాలు. పూర్తిగా ఆపితే మెరుగవుతోందో లేదో తెలిసేదెలా?

బ్రయర్‌కొమ్మ

మెరుగు తెలుసుకోవడానికి ఘ్రాణం గారి మూడు గిన్నెల పరీక్ష ఉంది కదండీ, పొగ లేకుండా!

ఇంకో కారణం కూడా ఉంది. వికారంగా ఉన్నప్పుడు నోట్లో ఉన్న రుచిని మెదడు ఆ వికారంతో ముడివేసేస్తుంది. ఒక్కసారి చాలు. టైఫాయిడ్‌లో తిన్న బ్రెడ్డును ఏళ్ల తరబడి చూడలేని వాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. పదేళ్లు మాగబెట్టిన వర్జీనియా డబ్బాను సగం కోలుకున్న ముక్కుతో తెరిస్తే ముక్కు బాగుపడ్డాక కూడా ఆ పొగాకు మీద వెగటు నిలిచిపోవచ్చు.

నిదానంగా

వాసన త్వరగా రావడానికి స్టెరాయిడ్ మాత్రలు, జింకు వాడమని కొందరు చెబుతున్నారు. పనిచేస్తాయా?

ఘ్రాణం

ముక్కులో కండలు పెరిగి, వాపు వల్ల వాసన పోయినవాళ్లకు స్టెరాయిడ్ పనిచేస్తుంది. వైరస్ దెబ్బకు పోయినవాళ్లకు మాత్రల వల్ల లాభమని గట్టి రుజువు లేదు, షుగరు పెంచడం మాత్రం ఖాయం. సొంతంగా మింగకండి. ఒంట్లో జింకు తక్కువైనవాళ్లకే జింకు.

రుజువున్నది, ఖర్చులేనిది వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించిన పద్ధతి: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం. ఒక్కోటి 10 సెకన్లు, ఉదయం సాయంత్రం, 12 వారాలు. నాలుగు చిన్న సీసాలు, దూదిమీద తైలం. గట్టిగా ఎగబీల్చకుండా చిన్న చిన్నగా, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ. వారం చేసి మానేస్తే ఫలితం ఉండదు. ఎక్కువమంది చేసే తప్పు అదే.

కరోనా వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది వాసన నాడీకణాలను ఆనుకుని ఉండే ఆధార కణాలను. అందుకే చాలామందికి వారాల్లో తిరిగొచ్చింది. నాడీకణాలు కూడా దెబ్బతిన్నవాళ్లకు కొత్తవి మొలిచి మెదడుతో సరిగ్గా కలవాలి, దానికి నెలలు పడుతుంది. ఆ మధ్యలో, తరచు రెండు మూడు నెలలకు, వాసనలు వికటించి తెలుస్తాయి. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు, వేపిన మాంసం కుళ్లినట్టో మాడినట్టో ఉంటాయి. మరీ తక్కువ మోతాదులోనే ముక్కుకు తగిలే గంధకపు సమ్మేళనాలు, వేపుడు వాసననిచ్చే పైరజీన్లు అందుకు ముఖ్య కారణాలు. పైరజీన్లు పొగాకు పొగలోనూ ఉన్నాయి. అందుకే లంకపొగాకు గారూ, అంటించని ఆకు బాగానే ఉండి, అంటించగానే రబ్బరు కాలినట్టు రావచ్చు. పొగాకు మార్చినా ఆ వికటం పోదు.

ఉత్తరాంధ్ర_పళ్లవైద్యం

మూడో దారి గురించి ఒక్కరూ మాట్లాడలేదు: ఇక్కడితో మానేయడం. నికోటిన్ లేని బాధ మొదటి వారంలో ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. జబ్బుపడి మూడు వారాలు పైపు ముట్టనివాళ్లు ఆ కష్టమైన భాగం దాటేసినట్టే. మళ్లీ కావాలని తిరిగి మొదలుపెట్టడం ఎందుకు? పొగ మింగకపోయినా నోటికి, గొంతుకు, అన్నవాహికకు పైపు వల్ల క్యాన్సరు ముప్పు ఉంది. ఆ పొగే వాసన తెలివిని కూడా మొద్దుబారుస్తుంది.

అద్దం ముందు నోరు తెరిచి, టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లగా మారి, మధ్యలో ఎర్రటి చుక్కలుంటే పైపు వేడికి లాలాజల గ్రంథుల నోళ్లు వాచాయన్నమాట. పొగ ఆపితే మామూలుగా కొన్ని వారాల్లో తగ్గుతుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో నిప్పు లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో ఇదే మార్పు క్యాన్సరుకు దారితీయడం దశాబ్దాలుగా వైద్యులు చూస్తున్నది. పైపులో ముప్పు అంత కాకపోయినా, రుచి మారిందని వచ్చినవాళ్ల అంగిలి, నాలుక అంచులు తప్పక చూడాలి. రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గొంతు బొంగురు, ఒకే వైపు ముక్కు మూసుకుపోవడం, రక్తం, వీటిలో ఏది ఉన్నా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

లంకపొగాకు

డాక్టరు గారి మాట కాదనలేను. మానేయగలిగినవాళ్లు మానేయడమే మంచిది. వికటించిన ముక్కుకు పొగాకు మార్చడం దండగన్న ఘ్రాణం గారి మాటా ఒప్పుకుంటున్నాను. కానీ మెల్లగా వాసన తిరిగొస్తున్నవాళ్ల విషయంలో నా మాట మార్చుకోను. వాళ్లు ఎలాగూ అంటిస్తారు. కనీసం తక్కువ హానితో ఎలా అంటించాలో తెలిసుండాలి. అలాంటివాళ్లు మొదట కాఫీ చూడండి. ఫిల్టరు డికాక్షన్ పూర్వంలాగే ఉంటే, వరసగా రెండు వారాలు అలాగే నిలిస్తే, అప్పుడు ఆలోచించొచ్చు. డికాక్షన్ మాడు వాసన కొడుతుంటే పైపు జోలికి వెళ్లొద్దు.

బ్రయర్‌కొమ్మ

కాఫీ కొలత నాకూ నచ్చింది. అయితే మొదటి గిన్నె ఎప్పుడూ తాగని కంకి పైపులో కాల్చాలి, పాత బ్రయర్‌లో పాత పొగాకుల వాసన ఉండి లెక్క తప్పిస్తుంది. ముక్కులోంచి పొగ వదిలే అలవాటు మాత్రం కోలుకున్న మొదటి నెలల్లో వద్దే వద్దు, ఆ పొగ నేరుగా తగిలేది ఇప్పుడిప్పుడే మొలుస్తున్న పొరకు.

ఆగేవాళ్లు ఈలోగా డబ్బాల సంగతి చూసుకోండి. తెరిచిన డబ్బాలో పొగాకు నెలల్లో ఎండి పొడవుతుంది. రబ్బరు వాషరున్న గాజు సీసాను వేడినీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టి, పొగాకు మెత్తగా నొక్కి నింపి, రకం పేరు, తేదీ రాసి చీకట్లో పెట్టండి. కోస్తాలో వానాకాలం నింపేటప్పుడు తడి ఎక్కువగా అనిపిస్తే కాగితం మీద ఒక పూట ఆరనిచ్చి నింపండి, లేకపోతే బూజు పడుతుంది. తెల్లటి పొడి కనిపిస్తే దీపం కింద చూడండి. పలుకుల్లా మెరిస్తే పొగాకులోంచే పేరుకున్న స్ఫటికాలు, పీచులా అల్లుకుని ముక్కవాసన వస్తే బూజు. మీ ముక్కు ఇంకా కోలుకోలేదు కాబట్టి ఆ వాసన ఇంట్లో వేరేవాళ్లతో చూపించుకోండి. బూజయితే సీసా మొత్తం పారేయాల్సిందే, పైన తీసేసి కింది భాగం దాచొద్దు.