అప్‌డేట్: విజయనగరంలో కరెంటు పోగానే ఆఫీసు కాల్ తెగిపోయే సమస్య

ఇన్వర్టర్ ఉన్నా కాల్ ఎందుకు తెగుతోందని అడిగాను కదా, తేలింది. ఇన్వర్టర్ వెనకాల మీటని యూపీఎస్ మోడ్‌కి (కరెంటు పోగానే ఇంకా వేగంగా బ్యాటరీకి మారే పద్ధతికి) మారిస్తే రౌటర్ రీస్టార్ట్ కావడం ఆగింది. అయినా వీధంతా కరెంటు లేనప్పుడు నెట్ పోయేది. ఇంట్లోకి వచ్చేది ఫైబర్ కాదు మరి, స్తంభం మీది పెట్టెలోని నెట్‌వర్క్ స్విచ్ (ఇళ్లకు నెట్ పంచే, కరెంటుతో నడిచే పరికరం) నుంచి ల్యాన్ కేబుల్. దానికి బ్యాకప్ లేకపోతే మన ఇన్వర్టర్ ఎంత పెద్దదైనా దండగే. ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) దాకా ఫైబరే వేయించాక ఆ గొడవ తీరింది. మధ్యలోని స్ప్లిటర్‌కి (ఫైబర్‌లోని కాంతిని ఇళ్లకు పంచేదానికి) కరెంటే అక్కర్లేదు.

రౌటర్‌కి మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ పెట్టె) కొనమని సలహా ఇచ్చినవాళ్లకు: రౌటర్‌తో 12 వోల్టులు కలిస్తే చాలదు, రౌటర్ అడాప్టర్ మీది ఆంపియర్లూ చూడాలి. దాని మీద రాసే 8,800 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం) అనేది లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్క, అంటే సుమారు 32 వాట్-అవర్లు. 10 వాట్ల లోడుకి రెండున్నర గంటలు వస్తే గొప్పే.